నూట అరవై రూపాయల కుర్చీ

పొద్దున ఆరింటికి మంగ్లి స్టవ్ వెలిగించి పాలు, చక్కెర, కాఫీపొడి మూడూ ఒకే గిన్నెలో వేసి మరగబెట్టింది. చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే మలుపులో ఆమె ఫాస్ట్‌ఫుడ్ బండి పెట్టి పదకొండేళ్లయింది. సాయంత్రమైతే నూడిల్స్, ఫ్రైడ్ రైస్. పగలంతా కాఫీ, గ్లాసు పదిహేను రూపాయలు. వచ్చినవాడు నిలబడే తాగి, బస్సు కదిలేలోపు గ్లాసు పడేసి పరుగెత్తాల్సిందే. తీపి ఎంత కావాలని మంగ్లి ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. అందరికీ ఒకటే తీపి.

ఇవాళ ఆమె చూపు గిన్నె మీద నిలవడం లేదు. పదేపదే రోడ్డుకు అవతల ఉన్న అద్దాల కాఫీ హౌస్ మీదికి పోతోంది. భద్రాచలం పోయే కార్లవాళ్ల కోసం నాలుగు నెలల కింద తెరిచారు దాన్ని. అక్కడ కప్పు నూట అరవై రూపాయలు. కలిపేది ఎవరో కాదు, మంగ్లి ఒక్కగానొక్క కొడుకు బలరాం పెళ్లాం హేమలత.

అత్త చేతి కాఫీ పదిహేను, కోడలి చేతి కాఫీ నూట అరవై అని లారీ డ్రైవర్లు నవ్వుకోవడం మంగ్లి చెవినపడింది. ఆ నవ్వు ముల్లులా లోపల విరిగిపోయి, తీద్దామన్నా రాలేదు. పోయిన ఆదివారం ఇక తేల్చి చెప్పేసింది. ఆ హోటల్ నల్ల ఏప్రాన్ విప్పేసి బండి దగ్గరికి రావాలి, లేదంటే వేరు పడాలి. పిల్ల బెదిరి దారికొస్తుందనుకుంది. పిల్ల బెదరలేదు. ఆటో నడిపే బలరాం కొత్తగూడెంలో కిరాయికి ఒక గది చూసి వచ్చాడు. ఈ సాయంత్రం ఐదింటికి ఆమె డ్యూటీ దిగగానే, సామానుతో సహా పెళ్లాన్ని ఇటునుంచి ఇటే తీసుకుపోతాడు.

ఎనిమిదిన్నరకు హేమలత లంబాడీ తండా దారి నుంచి నడిచి వచ్చింది. చెప్పకుండా పోవడం ఇష్టంలేక బండి దగ్గర ఆగింది.

"సర్దినవా సామాను?" తలెత్తకుండానే అడిగింది మంగ్లి.

"సర్దిన అత్తా. పొమ్మన్నది నువ్వే గద."

"పొమ్మంటే పోవుడేనా? నా బండి ముంగట పరాయోనికి కాఫీ కలుపుతుంటే నా మొగం ఎట్లుంటదో ఒక్కసారన్న చూసినవా?"

హేమలత గొంతు పెంచలేదు. "రెండేండ్లు నీ బండి కాడ గ్లాసులు కడిగిన. హైదరాబాద్‌ల కాఫీ హౌస్‌ల పనిజేసి వచ్చిన పిల్లనని నీకు ఎర్కే. ఒక్కనాడన్న గా గిన్నె ముట్టనిచ్చినవా అత్తా? గరిటె పట్టుకుంటే గుంజుకుంటివి. ముంగటి హోటలోళ్లు పట్టుకోమన్నరు. పట్టుకున్న. గంతే."

న్యాయం ఎదుటివాళ్ల వైపు ఉన్నప్పుడల్లా మంగ్లికి కోపం రెట్టింపవుతుంది. "పో" అని మాత్రం అని, గిన్నె వైపు తిరిగింది.

ఆ తర్వాత ఏ పనీ కుదురుగా సాగలేదు. రెండుసార్లు పాలు పొంగి స్టవ్ ఆరింది. మొగుడు హాతీరాం క్యాబేజీ తరుగుతూ, పిల్ల అన్నదాంట్లో తప్పేముందని మెల్లగా గొణిగితే అతని మీద పడింది. పాతికేళ్లుగా నోరు మెదపని మనిషికి ఇవాళే మాటలొచ్చాయా అని దులిపేసింది. అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచింది. పగలు గడుస్తున్నకొద్దీ ఐదు గంటలు దగ్గరికి జరుగుతున్నట్టు కాక, తన మీదికి వచ్చి పడుతున్నట్టు అనిపించింది.

మూడింటికి లారీ ఆపి, రోజూ వచ్చే డ్రైవర్ లాలు దిగాడు. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూశాడు.

"ఏందవ్వా, చక్కెర మరిచినవ్?"

పదకొండేళ్లలో ఎన్నడూ జరగని పని. మంగ్లికి సిగ్గేసింది. ఆ సిగ్గును తీసుకుపోయి అద్దాల హోటల్ మీద పారబోసింది. అక్కడమ్మేది విషంలాంటి చేదు, కారున్నవాళ్లను దోచుకునే మోసం, అది కాఫీయే కాదని కడిగేసింది.

"తాగినవా?" అన్నాడు లాలు.

"నేనెందుకు తాగుత?"

"తాగకుంటనే చేదని ఎట్ల తెలిసె?"

హాతీరాం నవ్వాపుకోలేక క్యాబేజీ మీదికి వంగాడు. మంగ్లి చేతులు తుడుచుకుంది. బొడ్లో దోపుకున్న రెండొందల నోటు తీసి పిడికిట్లో పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటింది.

లోపల చల్లగా ఉంది. అంత చల్లదనంలో తన ఒంటికున్న నూనె వాసన తనకే తెలిసింది. బిల్లు కొట్టే పిల్ల పేరు తబితా, కొత్తగూడెం అమ్మాయి. ఏ కాఫీ, చిన్నదా పెద్దదా, పాలు ఎక్కువా తక్కువా, చక్కెర కలపాలా పక్కన ఇవ్వాలా అని వరసగా అడిగింది. ఒక్క కాఫీకి ఇన్ని ప్రశ్నలా అని మంగ్లికి చిరాకేసింది. అయినా, నీకెట్ల కావాలని తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"పేరు చెప్పు ఆంటీ. కప్పు మీద రాసి, తయారైనంక పిలుస్తం."

"నా పేరెందుకు నీకు? లోపల కలిపేదాన్నడుగు."

అన్నాక తెలిసింది మంగ్లికి, తాను పన్నింది ఎంత గట్టి ఉచ్చో. తండాలో కోడలు అత్త పేరు నోట పలకదు. ఈ హోటల్లో పేరు పెట్టి గట్టిగా పిలవకపోతే మేనేజర్ ఊరుకోడు. పిలిస్తే తండాలో మర్యాద పోతుంది, పిలవకపోతే ఇక్కడ మాట పడుతుంది. ఎటైనా తనదే గెలుపు. హేమలత కప్పు చేతిలోకి తీసుకుని, పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగడం చూసింది. పోయి ఒక కుర్చీలో కూర్చుని, వెనక్కి ఆనుకుని కాచుకుంది.

యంత్రం బుస్సుమంది. పాల నురగ పొంగింది. హేమలత కప్పును గట్టు మీద పెట్టి, హోటల్ మొత్తం వినేలా పిలిచింది.

"యాడీ."

తండాలో బిడ్డలు తల్లిని పిలిచే పిలుపు అది. హాస్టల్లో చదువుకున్న హేమలత ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుతుంది, అత్తా అనే అంటుంది. బలరాం పుట్టిన తర్వాత మంగ్లికి మళ్లీ కడుపు నిలవలేదు. ఆడపిల్ల గొంతులో ఆ పిలుపు తనకోసం వినపడడం అదే మొదలు. అదీ నలుగురిలో.

"యాడి ఏంది? పేరేనా గది?" అని మేనేజర్ మొహం చిట్లించాడు.

"పేరు కాదు సార్. మా అమ్మ."

మంగ్లి లేచి వెళ్లి కప్పు తెచ్చుకుంది. కోడలి మొహం చూడలేకపోయింది. కూర్చుని ఒక గుక్క తాగితే నిజంగానే చేదుగా ఉంది. చక్కెర పొట్లాలు రెండు చింపి పోసుకుంది. అప్పటికీ తన గిన్నె కాఫీయే నయం, ఆ మాట ఎవరడిగినా చెబుతుంది. కానీ చేదు ఆ కప్పులోది మాత్రమే కాదు. ఈ పిల్ల చేతిలోంచి గరిటె గుంజుకున్న చెయ్యి తనదే. కోడల్ని పరాయోడు తీసుకుపోయాడని ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి చెప్పుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తబితా బల్ల తుడవడానికి వచ్చినప్పుడు మంగ్లి అడిగింది.

"ఈ పైసలకు ఎంతసేపు కూసోవచ్చు పిల్లా?"

"ఎంతసేపైనా కూసో ఆంటీ. లెవ్వమని ఎవ్వరనరు."

ఓహో, నూట అరవై దేనికో అప్పుడు అర్థమైంది మంగ్లికి. గట్టిగా ఆనుకుని కూర్చుంది. రోడ్డుకు అవతల బండి చుట్టూ జనం మూగారు. హాతీరాం గరిటె గాల్లో ఊపుతూ రమ్మని సైగలు చేస్తున్నాడు. మంగ్లి మొహం అటు తిప్పుకుంది.

ఐదింటికి బలరాం ఆటో వచ్చి ఆగింది. వెనక ట్రంకుపెట్టె, స్టవ్, పరుపుచుట్ట. హేమలత ఏప్రాన్ మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసరికి, మంగ్లి ఆమెకంటే ముందే ఎక్కి వెనకసీట్లో కూర్చుంది. బలరాం వెనక్కి తిరిగి తల్లినే చూశాడు.

"రేపు డ్యూటీ ఎన్నింటికి?" కోడలిని అడిగింది మంగ్లి.

"తొమ్మిదింటికి."

"ఆరింటికి బండి కాడ గిన్నె నువ్వు పెట్టు. తొమ్మిదింటికి ఈడికి పో. నేనేమనను." ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది. "గా చేదు మాత్రం నా గిన్నెల వద్దు."

హేమలత కళ్లు నిండి, రోడ్డు మీదే నిలబడిపోయింది.

"చూస్తవేందిరా, తండాకు తిప్పు" అని కొడుకును గదిమి, మంగ్లి జరిగి కోడలికి చోటిచ్చింది. పరుపుచుట్ట అడ్డంగా ఉండడంతో ఆ చోటు ఇద్దరికి చాలలేదు. మలుపు తిరిగినప్పుడు హేమలత వచ్చి అత్త భుజం మీద ఒరిగింది. సర్దుకుని కూర్చొమ్మని మంగ్లి అనలేదు.