రేవు అడిగిన రోజు

నీటి జాడ పట్టే రుచిపుల్లను ఇసకలోకి మోచేతి లోతు దించి అచ్చియమ్మ దాని పక్కన గొంతుక్కూర్చుంది. పుల్ల చివరి దీపం కాసేపు ఎర్రగా, కాసేపు పసుపుగా మినుకుమంటోంది. ఇలాంటప్పుడు తొందరపెడితే అది తప్పు చెబుతుందని కొత్త నేల వెతికే నేలచూపర్లందరికీ తెలుసు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ తలపైన తిరుగుతున్న తూనీగను చూసింది. ఆ బుల్లి యంత్రం పొద్దున్నించీ అలుపు లేకుండా దీవి చుట్టూ తిరుగుతోంది. మొగలి పొదలకేసి వెళ్తుంది, కొబ్బరి చెట్ల నెత్తిన కాసేపు ఆగుతుంది, చూసిందంతా నీటి మీద తేలే తమ తెప్పూరికి చేరవేసి మళ్ళీ వస్తుంది.

దీపం ఆకుపచ్చగా మారింది.

"తీపి నీరు," అంది చెవిపూసలోంచి చుక్కాని, తెప్పూరిని నడిపే యంత్రం. "ఇసక కింద పొర మందంగా ఉంది. ఊరు మొత్తానికీ సరిపోతుంది. ఉప్పు జాడ హద్దులోనే ఉంది. తర్వాతి చోటికి నడవండి."

అచ్చియమ్మ నడవలేదు. పుల్ల పక్కన చేతులతో గుంట తవ్వి, ఊరిన నీటిని దోసిట పట్టి తాగింది. ఇన్నేళ్ళూ ఆమె తాగినవన్నీ తెప్పూరి వడపోత తొట్టి నీళ్ళు. వాటికి తుప్పు వాసన. ఈ నీటికి కాస్త మట్టి వాసన, కాస్త ఆకు వాసన. ఇంకో దోసెడు తాగింది.

"నీటి పరీక్ష ముగిసింది," అంది చుక్కాని.

"నీది ముగిసినాది. నాది ముగీనేదు. నోరు నేనిదానివి, నీకేటి తెలుసు నీళ్ళ సంగతి?"

 చుక్కానికి వేళాకోళం అర్థం కాదు. అర్థమై ఊరుకుంటుందేమోనని అచ్చియమ్మకు ఎప్పుడూ ఓ అనుమానం.

అచ్చియమ్మ ఊరు ఎర్రదిబ్బ ఒకప్పుడు ఒడ్డున ఉండే ఊరే. ఒడ్డును సముద్రం తీసుకున్నాక ఊరు పీపాల మీదికీ పలకల మీదికీ ఎక్కి తెప్పూరైంది. మరబోట్లను గొలుసులతో కలిపి కట్టుకుంది. వీధులు, పొయ్యిలు, పెళ్ళిళ్ళు, తగాదాలు అన్నీ నీటి మీదే. ఇప్పుడు ఆ పలకలు పుచ్చిపోతున్నాయి. వడపోత తొట్టి రోజూ దగ్గుతోంది. అచ్చియమ్మ కూతురు లోవకుమారి తొలి బిడ్డ నెల తిరక్కుండానే పోయింది. నీళ్ళ మూలంగానే అంది మంత్రసాని. లోవకుమారికి మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి బిడ్డ నేల మీద పుట్టాలి. అచ్చియమ్మ కోరిక అంతే, అంతకు మించి ఒక్కటి కూడా లేదు.

తెప్పూరు తిరగాలంటే చమురు కావాలి. ఉన్నది ఒక్కసారి తిరగడానికే సరిపోతుంది. ఈ పొద్దు దిగేలోగా నేల తమదని చాటే హక్కుకంబం నాటి ఊరి పేరు చెబితే, చుక్కాని తెప్పూరిని ఇటు తిప్పుతుంది. నాటకపోతే ప్రవాహం దాన్ని దీవి పక్కనించి దాటించేస్తుంది. ఆ తర్వాత అందేంత దూరంలో ఇంకో నేల లేదు. ఒక దీవిలో ఒక ఊరి కంబమే నిలవాలన్నది అన్ని తెప్పూళ్ళ చుక్కానులూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు.

ఆమె కంబాన్ని భుజాన వేసుకుని చెట్లలోకి నడిచింది. తూనీగ ముందు వెళ్ళింది.

"కట్టడాలున్నాయి. మనుషులు, ఒకరు. జనావాసం, లేదు," అంది చుక్కాని.

అచ్చియమ్మ ఆగిపోయింది. "పొద్దున్న ఎవులూ నేరన్నావు?"

"జనావాసం లేదన్నాను. ముగ్గురికి తక్కువైతే జనావాసం కాదు. ఆ వ్యక్తిని మన ఊళ్ళో నివాసిగా చేర్చుకోవచ్చు."

చెట్లు దాటగానే ఇళ్ళు కనిపించాయి. కొట్టుకొచ్చిన దుంగలతో, కొబ్బరి కమ్మలతో, రెండు వరసల్లో కట్టిన ఇళ్ళు. గుమ్మాలన్నీ సముద్రం వైపే. ప్రతి గుమ్మం మీదా ఒక చెక్క, దాని మీద చెక్కిన ఇంటిపేరు. పిక్కి. వాసుపల్లి. ఒలిశెట్టి. ఏ ఇంట్లోనూ పొయ్యి రాజుకున్న జాడ లేదు, కట్టి తలుపు మూసినట్టే ఉన్నాయి. వరస చివర ఒక పాత హక్కుకంబం ఓ పక్కకు ఒరిగి ఉంది. దాని దీపం ఆరిపోయి ఉంది. కంబం మొదట్లో ఒక ముసలామె కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతోంది.

"తెప్పొచ్చినాదా?" అంది, తలెత్తకుండానే.

"నాది ఎర్రదిబ్బ, పెద్దమ్మా. గరికినోల పిల్లని. అచ్చియమ్మంటారు. నేలచూపరిని."

ముసలామె చేతులు ఆగాయి. అప్పుడు తల ఎత్తి చూసింది.

"నానూ చూపరినే. నాగులరేవు తెప్పూరు మాది. చోడిపిల్లోల దానమ్మని."

నాగులరేవు పేరు వినగానే అచ్చియమ్మ భుజం మీది కంబాన్ని కింద దించింది. ఆమె పెళ్ళయిన ఏడాది పెద్ద తుపాను వచ్చింది. అది వెలిసిన మర్నాడు నాగులరేవు దీపపు పీపాలు ఒక్కొక్కటే కొట్టుకొచ్చి ఎర్రదిబ్బ పలకలకు తగిలాయి. వాటిలో కొన్ని ఇంకా వెలుగుతున్నాయి. మనుషులెవరూ రాలేదు. ఆ సంగతి సముద్రం మీదున్న వాళ్ళందరికీ తెలుసు.

"కూకో. తినేసి మాటాడు," అంది దానమ్మ.

ఉడికించిన కందదుంప, కొబ్బరి కోరు ఆకులో పెట్టింది. ఎదుటి మనిషి తింటుంటే చూడ్డం ఎంతకాలానికి దొరికిందో, రెప్ప వేయకుండా చూసింది. ఇంకా పెట్టింది. వద్దన్నా పెట్టింది. పిల్లలెందరని అడిగింది. అచ్చియమ్మ లోవకుమారి సంగతి చెప్పింది, పోయిన బిడ్డ సంగతి కూడా చెప్పింది. దానమ్మ నోటితో చప్పుడు చేసి ఆమె మోకాలు నిమిరింది.

"ఈ ఇళ్ళన్నీ నువ్వే కట్టినావా పెద్దమ్మా?"

"మరెవులు కడతారు? కంబం పాతీసి, రండిరా అన్నాను. వస్తన్నాం, కూడొండీసుంచు అన్నాడు మా ఆయన. ఇలాటి మాటలకి తక్కువ నేదు ఆడికి. మరింక పూస పలకనేదు." దానమ్మ నవ్వబోయి ఆగింది. "ఊరికే ఎలా కూకుంటాను? ముందు మా అత్తది కట్టినాను. నేకపోతే ఆ నోటికి ఎవులు ఆగుతారు? తరవాత మా తోటికోడలిది. మరాగనేదు. ఒకిల్లు కడతన్నంతసేపూ, ఆ ఇంటోలు దారిలో ఉన్నట్టే ఉండీది నాకు."

ఆమె కళ్ళు ఇళ్ళ మీదికి వెళ్ళి అచ్చియమ్మ మీదికి వచ్చాయి.

"నువ్వు నీటి మీద తిరిగేదానివి. నీకు తెలుస్తాది. మావోలేమైనారు?"

అబద్ధం చెప్పొచ్చు. తెలియదనొచ్చు. అచ్చియమ్మకు రెండూ చేతకాలేదు.

"దీపాల పీపాలు మా కాడికొచ్చినాయి పెద్దమ్మా. మనుసులు రానేదు."

దానమ్మ తల ఊపింది. "తెలుసు. ఎవులూ సెప్పనేదు గాని, నాకు తెలుసు. తెలిసినాదని సెప్పుకోడానికి ఓ మనిసుండాల గదా. ఈ పొద్దుకి నువ్వొచ్చినావు."

అని అచ్చియమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆమెను పట్టుకుని అచ్చియమ్మా ఏడ్చింది. ఎవరి కోసమని అడిగితే తేల్చి చెప్పలేకపోయేది. ఆ పీపాల కోసం, ఈ ఇళ్ళ కోసం, నెల తిరక్కుండా పోయిన తన మనవడి కోసం.

"పొద్దు వాలుతోంది," అంది చుక్కాని. "ఆ పాత కంబానికి ప్రాణం లేదు. నాగులరేవు అనే ఊరు నమోదులో లేదు. పాతది తీసి, మనది నాటండి."

పూస లేకపోయినా దానమ్మకు అర్థమైంది. "పీకమంటంది గదా? మా సుక్కానీ ఇలాగే తొందరపెట్టీది." ముక్కు తుడుచుకుంది. "పీకీ అమ్మీ. నానడ్డు రాను. నీ పిల్ల నీళ్ళ మీదుంది. కాని నన్ను సూడమనకు. అటేపు తిరిగి కూకుంటాను."

"నిన్ను మా ఊల్లో సేర్సుకుంటాం పెద్దమ్మా. మా ఇంట్లోనే ఉందువు గాని."

"నానెవులి ఊరికీ రాను," అంది దానమ్మ, కోపం లేకుండా. "నాకు ఊరుంది."

అచ్చియమ్మ లేచి పాత కంబం దగ్గరికి వెళ్ళింది. దాని మీద చెయ్యి వేసింది. ఎండకు కాగి వెచ్చగా ఉంది. ఒక్క ఊపు చాలు, వచ్చేస్తుంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. ఒడ్డు ఇంకా ఒడ్డుగా ఉన్న రోజుల్లో వేటకి పరాయి ఊరి తీరానికి వెళ్తే, నాన్న పడవను ఇసక మీదికి లాగేవాడు కాడు. మోకాటి లోతు నీళ్ళలో తాడు పట్టుకుని నిలబడేవాడు. ఆ ఊరి మనిషి ఒకరు వచ్చి, మీరెవరని అడిగి, రండి అనాలి. అనేదాకా పొడి ఇసక మీద కాలు పెట్టకూడదు. రేవు అడగడం అంటారు దాన్ని. వద్దంటే మారు మాట లేకుండా పడవ తిప్పుకోవాల్సిందే. ఒకసారి వద్దన్నారు కూడా. ఆ రోజు ఆకలితోనే తిరిగొచ్చారు.

తను మాత్రం పొద్దున్న పడవ దిగి తిన్నగా నడిచొచ్చేసింది. గుంట తవ్వింది, నీళ్ళు తాగింది. ఎవరూ లేరని ఒక యంత్రం చెబితే నమ్మింది. అచ్చియమ్మకు సిగ్గేసింది.

కంబాన్ని మళ్ళీ భుజానికెత్తుకుని ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఇసక దాటి సముద్రంలోకి దిగింది. మోకాళ్ళు మునిగేదాకా వెళ్ళి ఒడ్డు వైపు తిరిగి నిలబడింది.

"మీరు నేల విడిచారు," అంది చుక్కాని. "ప్రమాదమా?"

"కాదు."

"మరేం చేస్తున్నారు?"

"రేవడుగుతన్నాను."

"ఆ పని నా పనుల్లో లేదు."

"నీది కాదు, నాది. మసేను మావని పిలు."

ఊరిపెద్ద తెడ్డు మసేను గొంతు వచ్చింది. వెనక జనం గోల వినిపిస్తోంది. "ఏటే అచ్చీ, ఇంకా కంబం పాతనేదంట? ఊరంతా పలక సివర నిలబడుంది."

ఆమె చెప్పింది. నాగులరేవు అనగానే అటువైపు గోల ఆగిపోయింది.

"ఇది ఆల నేల, మావా. అడిగి, రమ్మంటేనే వద్దాం. వచ్చినోలం ఆ ఊరోలం అవుదాం. కంబం మీద పేరు ఆలదే."

"మన ఊరి పేరు పోద్దే."

"పోద్ది."

"ఒద్దంటేనో? నీ కూతురు ఇక్కడే ఉంది, నా పక్కన."

అచ్చియమ్మ వెనక్కి తిరిగి తెప్పూరి వైపు చూసింది.  "తెలుసు మావా. నీళ్ళలో దిగినప్పట్నించీ దానికోసమే వణికిపోతన్నాను. కాని ఆ ముసల్దాని కడుపు మీద కాలెట్టి నా మనవడికి ఉయ్యాలెలా కట్టను?"

మసేను పక్కవాళ్ళని ఏదో అడగడం వినిపించింది. తర్వాత అన్నాడు, "గట్టిగా అడుగు. మాకూ వినబడాల."

దానమ్మ చెట్ల అంచుకు వచ్చి నిలబడి ఉంది. నీళ్ళలో నిలబడ్డ మనిషిని చూసింది. ఏం జరుగుతోందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చీర సర్దుకుంది. తడి ఇసక దాకా నెమ్మదిగా నడిచొచ్చి, నడుం నిటారుగా పెట్టి నిలబడింది.

"ఎవులు?" అని అడిగింది.

"నాగులరేవు పెద్దలకి దండాలు," అంది అచ్చియమ్మ.  "ఎర్రదిబ్బోలం. సానా దూరం నించొచ్చినాం, అలిసిపోనాం. మీ రేవులో సోటడుగుతన్నాం. మీ కట్టుకి కట్టుబడుంటాం. మీ ఊరిపేరే మా పిల్లలకి సెప్పుకుంటాం. రమ్మంటే వస్తాం. వద్దంటే ఎల్లిపోతాం."

దానమ్మ వెనక్కి తిరిగి రెండు వరసల ఇళ్ళనీ చూసింది. ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి అడిగి వస్తున్నట్టు చాలాసేపు చూసింది. సూర్యుడు నీటి అంచుకు దిగుతున్నాడు. అచ్చియమ్మ కాళ్ళ కింద ఇసక జారిపోతోంది. చెవిపూసలో ఊరంతా ఊపిరి బిగబట్టి ఉంది.

"బావి తవ్వడానికి సోటు సూసుంచినాను, వాసుపల్లోల ఇంటి పక్కన," అంది దానమ్మ చివరికి. "ఆ ఇంటోలకి పిల్లలంటే పేణం. నెలలు నిండిన గుంటని అందులో దించండి. మిగతావోలకి నాను సూపెడతాను." గొంతు సరిచేసుకుంది. "రండి."

"హక్కు ఎవరి పేరున?" అంది చుక్కాని.

"నాగులరేవు."

"ఆ ఊరు లేదు."

"ఉంది. ఎదురుగా నిలబడుంది. మిగతావోలం దారిలో ఉన్నాం. లెక్కెట్టుకో."

 పెద్ద ఊరు చిన్న ఊళ్ళో కలవడం, అదీ ఒక్క మనిషి ఉన్న ఊళ్ళో కలవడం, చుక్కానికి నేర్పిన లెక్కల్లో ఎక్కడా లేదు. అది ఇంకా తేల్చుకుంటూ ఉండగానే అటువైపు మసేను ఎవరినో కేకేయడం, గొలుసులు కిర్రుమనడం, పదిమంది కలిసి తెప్పూరిని తిప్పే ఇనప చక్రాన్ని చేత్తో తోస్తూ హైలెస్సా అనడం వినిపించాయి. దూరాన తెప్పూరు మెల్లగా పక్కకు ఒరిగి దీవి వైపు తిరిగింది.

అచ్చియమ్మ అటే చూస్తూ ఉండిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఇంకా నీళ్ళల్లోనే ఉన్నావేటే?" అంది దానమ్మ, చెయ్యి చాపి. "రమ్మన్నాను గదా. ఇళ్ళన్నీ ఊడవాల, బేగి రా."