టెస్ట్ రూమ్ తలుపు

అమెరికాలోని మోరిస్‌విల్‌లో ఓ చిన్న కంపెనీ. పొగగొట్టాల్లోంచి పోయే కార్బన్ డయాక్సైడ్‌ని పట్టి, కరెంటు పెట్టి, పనికొచ్చే గ్యాస్‌గా మార్చడం వాళ్ల పని. ఆ బిల్డింగ్ చివరనున్న టెస్ట్ రూమ్‌కి మాత్రం చెడ్డపేరు. చీకటి పడ్డాక లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారట. తీస్తే... ఎవరూ ఉండరట.

రేణు కొత్తగా చేరినప్పుడు ఈ సంగతి చెవిన వేసింది సాత్విక్, ఆమె సీనియర్. ఇద్దరూ ఆ మార్పుని వేగంగా జరిపించే పదార్థం, చెరో కెటలిస్ట్, తయారు చేస్తున్నారు. ఎవరిది బాగా పనిచేస్తే ముందు వాళ్లకే గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తానన్నాడు బాస్ దివాకర్. టెస్ట్ చేసే మిషన్ ఒక్కటే, అదీ ఆ గదిలోనే.

ఓ సాయంత్రం రేణు తన చెవులతో విన్నది — టక్... టక్... మర్నాటి నుంచి సాయంత్రం స్లాట్‌లన్నీ సాత్విక్‌కి వదిలేసింది.

థాంక్స్‌గివింగ్ సెలవులకి ముందురోజు. ఐదున్నరకే చీకటి. ఆఫీసంతా ఖాళీ. మర్చిపోయిన చార్జర్ కోసం వెనక్కొచ్చింది రేణు. కారిడార్ సగం దాటిందో లేదో —

టక్.

రేణు అక్కడే ఆగిపోయింది.

"రే...ణూ..."

గొంతు కాదది, గాలి.

సాత్విక్‌కి ఫోన్ చేసింది, తోడు రమ్మందామని.

రింగ్‌టోన్ టెస్ట్ రూమ్ తలుపు అవతల మోగింది.

భయం దిగిపోయింది. ఒంట్లో మంట మొదలైంది. విసవిసా తలుపు దాకా వెళ్లింది. దెయ్యమూ లేదు, పాడూ లేదు. మిషన్ తనొక్కడికే దక్కాలని ఇన్నాళ్లూ ఆడించాడు!

"తలుపు... తియ్..."

ఆ గొంతులో ఏదో తేడా ఉంది. అది ఆమెకి తెలిసింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసింది కూడా.

"బాగా చేస్తున్నావ్ సాత్విక్," గుసగుసగా అంది. "ఇంకాసేపు చెయ్యి."

ఫోన్ బ్యాగ్‌లో పడేసి, కారిడార్ లైటు ఆర్పి, వెళ్లిపోయింది. తన పాత కార్‌లో రేడియో పెట్టుకుని, దారంతా గొంతు కలిపి పాడింది.

సోమవారం దివాకర్ అందరినీ పిలిచి చెప్పాడు. సాత్విక్ కెటలిస్ట్ అనుకున్నదానికంటే బాగా పనిచేసిందట. పైపు ఊడి, తయారైన కార్బన్ మోనాక్సైడ్ అంతా గదిలో నిండింది. గ్యాస్ అలారం ఊరికే మోగుతోందని అతనే ఆపి ఉంచాడు.

"వాసనుండదమ్మా దానికి. ముందు బుర్ర పనిచెయ్యదు, తర్వాత కాళ్లు. బయట్నుంచి ఎవరైనా తలుపు తీసుంటే బతికేవాడు..." దివాకర్ రేణు వైపు తిరిగాడు. "ఆ సాయంత్రం నువ్వేమైనా ఇటొచ్చావా?"

"లేదండీ."

బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ కాల్ చెరిపేద్దామని ఫోన్ తీసింది. సాత్విక్ పేరు కింద ఉంది — ఇరవై రెండు నిమిషాలు.

ఆమె కట్ చెయ్యలేదు.

అతను ఫోన్ ఎత్తాడు. ఆమె ఇల్లు చేరేదాకా... లైన్‌లోనే ఉన్నాడు.