రెజీనా జూలియా మునగకూడదు!

"రేపు ముంచేస్తారు," అన్నాడు ఫెర్లూగా, తుల్లియో గొంతు మీద మంగలికత్తి ఆడిస్తూ.

1944. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ట్రియెస్టే రేవు. ఊరి దృష్టిలో ఫెర్లూగా మంగలి. రహస్యంగా మిత్రపక్షాల గూఢచారి దళానికి కెప్టెన్. తుల్లియో చెర్గోల్ అతని ఏజెంట్. యుద్ధానికి ముందు రెజీనా జూలియా అనే మహానౌకలో ప్రయాణికులకు వడ్డించే స్టూవార్డు.

"ఓడను రేవు ముఖద్వారానికి లాక్కెళ్లి పేల్చేస్తారు. అక్కడ మునిగిందా, మన నావలు లోపలికి రాలేవు. మందుగుండు ఇంజన్ గదిలో ఉంది. వైరు కోసెయ్యి. ఆ తర్వాత ఓడ ఎక్కడుందో వైర్‌లెస్‌లో చెప్పు. కోడ్ 'కాఫీ మరిగింది'."

"ఓడ దక్కుతుందా, సార్?"

"యుద్ధం అయ్యాక నిన్ను అందులోనే న్యూయార్క్ పంపిస్తా. నా మాట."

మర్నాడు జర్మన్ మెకానిక్ వేషంలో తుల్లియో ఓడెక్కాడు. నాట్యశాల మెట్ల మీద పట్టుగౌనులో నివెస్ ఎదురైంది. ఒకప్పుడు ఈ ఓడలో గాయని. ఇప్పుడు జర్మన్ కమాండర్ ప్రియురాలు. రెండు పక్షాలకూ వార్తలమ్మే మనిషి. చేతిలో చిన్న పిస్టల్.

"వేషం బాగానే కుదిరింది. నడక మాత్రం ఇంకా ట్రే మోస్తున్నట్టే ఉంది."

"కాల్చాలంటే కాల్చు."

"ఒక్క మాట విను. ఫెర్లూగాకి ఓడ అక్కర్లేదు. ఎక్కడుందో నువ్వు చెప్పిన మరుక్షణం దాని నెత్తిన బాంబులు పడతాయి."

"రెండు నాలుకల దానివి. నిన్ను నమ్మమంటావా?"

"నమ్మకు పో!" పిస్టల్ దించి దారిచ్చింది.

టగ్గు పడవలు ఓడను లాక్కెళ్లి ముఖద్వారం చేర్చాయి. ఇంజన్ గదిలో టైమర్ కొట్టుకుంటోంది. తుల్లియో ఫౌంటెన్ పెన్ మూత తిప్పాడు. సన్నటి కత్తెర బయటికొచ్చింది. ముల్లు ఆఖరి గీతను తాకబోతుండగా వైరు తెగింది.

పేలని ఓడను చూసి జర్మన్లు తెల్లబోయారు. తనిఖీ కోసం పక్కనే ఉన్న ముజ్జా అఖాతంలోకి లాగి లంగరేశారు. తుల్లియో ఒడ్డు చేరి, పొంగిపోతూ వైర్‌లెస్ అందుకున్నాడు.

"కాఫీ మరిగింది. ముజ్జాలో."

కాసేపటికే విమానాలొచ్చాయి. మనవాళ్లవే. తెల్లటి ఓడ నిలువునా మండి, పక్కకు ఒరిగింది.

వైర్‌లెస్‌లో ఫెర్లూగా గొంతు పలికింది. "శభాష్! దారి తెరిచే ఉంది. ఇక జర్మన్లు ఆ ఓడను మళ్లీ ముఖద్వారానికి లాక్కురాలేరు. నీకు పతకం ఖాయం."

"మాటిచ్చారు కదా, సార్!"

"యుద్ధంలో మాట కూడా మందుగుండేనయ్యా."

"అయితే ఆ పతకం నివెస్‌కి ఇవ్వండి," అన్నాడు తుల్లియో. "మన ముగ్గురిలో నిజం చెప్పింది ఆ మోసగత్తె ఒక్కతే."