ప్లైవుడ్ గోడకు అవతల

వాళ్లిద్దరి తొలి పరిచయం గోడ మీద రెండు దెబ్బలతో జరిగింది.

ఆ రోజు హెచ్ఆర్ మాస్టారు క్లాసులో ఆఫీసు తగాదాలు తీర్చడం ఎలాగో నేర్పుతున్నాడు. ఒకడు సూపర్‌వైజరు, ఇంకొకడు సెలవు దొరకని వర్కరు. వేషాలు ఇచ్చిందే తడవు ఇద్దరూ నిజంగానే చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. ఆ గదికీ పక్క గదికీ మధ్య ఉన్నది ఉత్త ప్లైవుడ్ గోడ. దాని మీద టక్ టక్‌మని చప్పుడైంది.

"సార్, మీ ఫ్యాక్టరీ కాసేపు మూస్తే మేం ఇక్కడ గ్రామర్ చెప్పుకుంటాం," అంది అవతల నుంచి ఇంగ్లిష్ మేడమ్.

"మూయాలంటే ముందు నోటీసివ్వాలి మేడమ్. రూలు."

రెండు క్లాసులూ గొల్లుమన్నాయి.

అతనికి ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది. కాలేజీలో అతనితో ఎవరూ అంతగా నవ్వరు మరి. ఇక్కడికి రాకముందు ఒక కంపెనీలో హెచ్ఆర్ ఆఫీసరు. మనుషుల్ని గదిలోకి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఉద్యోగం పోయిందని చెప్పడం అతని పని. ఆ కబురు అతనికన్నా ముందే కాలేజీకి చేరింది. స్టాఫ్‌రూములో అతను అడుగుపెడితే మాటలు సన్నగిల్లేవి. అద్దె గదిలో రెండు కుర్చీలుంటే ఒకదాంట్లో అతను, రెండోదాంట్లో ఇస్త్రీ కాని బట్టలు కూర్చునేవి.

అందుకే ఆ గోడ అతనికి చుట్టమైపోయింది. ఆమె పాఠం చెబుతుంటే సుద్దముక్క చప్పుడు కాకుండా బోర్డు మీద నెమ్మదిగా రాసేవాడు. ఆమె దగ్గితే పాఠం ఆపేవాడు. ఎదురుపడినప్పుడు మాత్రం "గుడ్ మార్నింగ్ మేడమ్" తర్వాత నోరు పెగిలేది కాదు.

"ఇంకేం లేదా సార్?" అనేది ఆమె, నవ్వుతూ.

ఉండేది. చెప్పేవాడు కాదు.

"ఒరేయ్, అడగందే అమ్మైనా అన్నం పెట్టదు," అని ఫోన్లో చీవాట్లు పెట్టింది అతని అక్క. "ఊరందరికీ మాట్లాడటం నేర్పుతావు. నీ నోట్లో నాలుక లేదు."

"వద్దంటే, అక్కా?"

"వద్దంటే వద్దని తెలుస్తుంది. ఇప్పుడేం తెలిసింది నీకు?"

ఒక మబ్బు పట్టిన పొద్దున ఆఫీసు గుమస్తా చెప్పాడు, ఇంగ్లిష్ మేడమ్ రాజీనామా ఇచ్చిందని. ఒక్కదానివీ అక్కడేం చేస్తావు, మా ఊరు వచ్చెయ్యమని వాళ్ల అన్నయ్య అన్నాడట. సాయంత్రం ప్రిన్సిపాల్ సంతకం పెట్టేస్తారట.

కాళ్లీడ్చుకుంటూ క్లాసుకు వెళ్లాడు. ఆనాటి పాఠం, ఎవరి శాపమో గానీ, ఎగ్జిట్ ఇంటర్వ్యూ.

"ఉద్యోగం మానేసే మనిషితో కంపెనీ ఆఖరిసారి మాట్లాడే మాటలివి," అన్నాడు. "ఎందుకు వెళ్తున్నారో అడగాలి. చెప్పింది వినాలి. వాదించకూడదు. ముఖ్యంగా 'వెళ్లొద్దు' అనకూడదు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది."

ఏటా గడగడా చెప్పే మాటే. ఇవాళ ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

ముందు బెంచీ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టాడు. బయట వాన మొదలైంది.

"చెప్పండి, ఎందుకు మానేస్తున్నారు?"

"జీతం చాలట్లేదు సార్."

"అది అందరూ చెప్పే కారణం. అసలు కారణం?"

అమ్మాయి నోట్సు తిరగేసింది.

టక్ టక్.

"ఉండమని ఎవరూ అడగలేదు. అందుకని," అంది గోడ అవతలి గొంతు.

అతను గోడ దగ్గరికి నడిచాడు. కంగారులో పాఠంలోని ప్రశ్నే నోటికొచ్చింది. "పని వాతావరణం బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇంటికెళ్తేనే పలకరించే దిక్కు లేదు. గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి చెవులే ఉన్నాయి సార్, నోరు లేదు."

తన ఒంటరితనమే అవతల కూడా కాపురముందని అతనికి అప్పుడు తెలిసింది. గోడ మీద రెండుసార్లు కొట్టాడు.

"వెళ్లొద్దు మేడమ్," అన్నాడు. "ఆదివారాలు మీ గొంతు వినపడక నాకు పొద్దు గడవట్లేదు. మీరంటే ఇష్టం. నాకోసం ఉండండి."

"సార్, ఆ మాట అనకూడదన్నారు కదా," అన్నాడు వెనక బెంచీ వాడు.

"అన్నాను. పరీక్షలో అదే రాయండి."

వాన ఒక్కటే వినిపిస్తోంది. ఆలస్యమైపోయిందనుకున్నాడు.

అంతలో ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం ఎప్పట్లాగే వెక్కిరిస్తున్నాయి.

"రాజీనామా వెనక్కి తీసుకోవడానికి వెళ్తున్నా. అన్నయ్యకి మీరే జవాబు చెప్పుకోవాలి. ఆదివారం మీ గదికి తీసుకొస్తాను. కూర్చోడానికి కుర్చీలున్నాయా?"

"రెండున్నాయి," అన్నాడు. "నేను నిలబడతాను."

ఆ సాయంత్రం గదికి వెళ్లగానే, లైటైనా వేయకుండా, రెండో కుర్చీలోని బట్టలు తీసి మడతపెట్టాడు.