నారింజ రంగు వల

ఆ గుంజలను ఒక్క రాత్రిలో ఒక అంతస్తు మేర ఎవరు పెంచారు?

సోమవారం ఉదయం శాన్ ఎల్వాడో నగరమంతా ఇదే ప్రశ్న.

నాలుగు వందల ఇళ్లకు చోటు చూపించి తీరాలని కాలిఫోర్నియా రాష్ట్రం ఆ నగరాన్ని ఆదేశించింది. నగరం ఏళ్ల తరబడి సాగదీసి, చివరికి లైబ్రరీ వెనుక ఖాళీ స్థలాన్ని చూపింది. రాబోయే భవనం ఎత్తు ఇరుగుపొరుగు ముందే చూడాలని, అక్కడ గుంజలు పాతి, తాళ్లతో నేలకు బిగించి, నారింజ రంగు వల కట్టడం ఆనవాయితీ. కట్టింది మూడంతస్తులకు. ఇప్పుడు కనిపిస్తున్నవి నాలుగు.

బిల్డర్ మోసం చేశాడని ఊరు మండిపడింది. ఈ ఇళ్లపై కౌన్సిల్ ఓటింగు మర్నాడే. ప్రతిపాదన ఓడిపోతే స్కూలు వంటమనిషి డెల్ఫీనాకు ఇల్లు రాదు. ఆమె కూతురితో వ్యానులో పడుకుంటోంది.

డిటెక్టివ్ కోరా స్థలం పరిశీలించింది. కింది వల ఎండకు వెలిసింది. పైది సరికొత్తది.

తన ప్రాజెక్టును తానే చంపుకుంటానా అని బిల్డర్ విసుక్కున్నాడు. ఆ స్థలం పక్కింటి హాల్‌స్టెడ్, నగర ప్లానింగ్ కమిషన్ సభ్యుడు, కాఫీ పోసి మరీ మాట్లాడాడు. తను ఇళ్లకు వ్యతిరేకి కాడట. ఈ ఎత్తుకేనట.

మంగళవారం సాయంత్రం, కౌన్సిల్ హాల్లో కోరా లేచి నిలబడింది.

“హాల్‌స్టెడ్ గారూ, ఆదివారం రాత్రి గాలి ఎలా వీచింది?”

“మా కంచె పలకలు రెండు ఎగిరిపోయాయి.”

“గుంజలు పడలేదేం?”

“నేనేమైనా ఇంజినీర్‌నా?”

“అందరూ పైకే చూశారు. నేను తాళ్ల వెంట కిందికి చూశాను. గుంజ పెరిగితే, గాలికి పడకుండా తాడు ఇంకా దూరంగా కట్టాలి. మీ వైపు మూలలో అంత జాగా లేదు. లైబ్రరీ మేడ మీంచి చూస్తే, ఆ తాడు మీ కంచె దాటి మీ నిమ్మచెట్టు మొదట్లో తేలింది. మీ గేటుకు కోడ్ లాకు. మేడ మీద నన్ను చూసినందుకే మీ కుక్క అరిచి చుట్టుపక్కలవాళ్లందర్నీ లేపింది. తాడు కట్టినవాణ్ణి మాత్రం ఏమీ అనలేదా?”

హాల్‌స్టెడ్ టై సర్దుకున్నాడు.

“ఇవాళ మూడంటారు, రేపు నాలుగంటారు. ఆ రేపటినే చూపించాను.”

“నా కూతురికి ఇవాళ ఎక్కడ పక్క వెయ్యమంటారు, సార్?” వెనుక వరసలోంచి డెల్ఫీనా అడిగింది.

గుంజలు సరిచేసేదాకా ఓటింగు వాయిదా వేద్దామని చైర్మన్ ప్రతిపాదించాడు. హాల్లో అభ్యంతరం ఉన్నవారిని చేయెత్తమన్నాడు. ఒక్క చేయీ లేవలేదు. డెల్ఫీనా వ్యాను తాళాలు తీసుకుని బయటికి నడిచింది.

అలాంటి హాలు మీ ఊళ్లోనూ ఉంది. వెళ్లండి. ఈసారి ఆ చేయి మీరెత్తండి.