కాడ చివర గిన్నె

గడ్డి గింజలు ఏరుకునే మనిషిని చంపే పాపిష్టివాళ్లు ఎవరుంటారు? ఉన్నారు. విత్తన పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే అక్కను గోడౌన్ మెట్ల మీంచి తోసేశారు. పోలీసులేమో కాలు జారి పడిందని చేతులు దులిపేసుకున్నారు. ఆమె పిడికిట్లో ఇరుక్కున్న గింజల్నీ, నాలుగు గోధుమరంగు వెంట్రుకల్నీ పట్టించుకున్నది తమ్ముడొక్కడే.

ఆ తమ్ముడే ఏజెంట్ పిచ్చుక. తల్లి పోయాక అతనికి ముద్ద కలిపి పెట్టి పెంచింది అక్కే.

"ఇది పగ తీర్చుకునే మిషన్ కాదు," అన్నాడు చీఫ్, ఫైలు మూసేసి. "విదేశీ ముఠా మన పశుగ్రాసం విత్తనంలో కలుపు కలిపింది. ఆ కలుపు ఒక్కసారి వేరు దిగిందంటే ఏ నాగలికీ లొంగదు. గోడౌన్‌లో రెండు లారీలున్నాయి. ఒకటి తనిఖీకి చూపించే మంచి సరుకు, రెండోది కలుపు సరుకు. ఏది ఏదో ముఠాలో ఉన్న మన మనిషి చెబుతుంది."

"రెండూ ఆపేస్తే పోలా సార్?"

"వాన పడింది. రైతులు దుక్కి చేసుకుని కూచున్నారు. మంచిది వెళ్లాలి, చెడ్డది ఆగాలి. ముఠా మనిషి ప్రాణాలతో దొరకాలి."

"అక్కని చంపినవాడు ఎదురుపడితే?"

"దండం పెట్టి పట్టుకురా. చంపావో, నీ ఉద్యోగం హుళక్కి!"

పిచ్చుక పళ్లు పటపట కొరికాడు.

మర్నాడు పొద్దున పురుగుమందు కొట్టేవాడి వేషంలో గోడౌన్ చేరాడు. వీపున పంపు, అందులో మత్తు గ్యాస్. గడియారంలో ట్రాన్స్‌మిటర్. చొక్కా బొత్తం వెనక అక్క వాడిన లెన్స్. పెట్టుడు మీసం ఒకటే దురద.

కారు దిగి ఒక మేడమ్ వచ్చింది. హైహీల్స్, గుప్పుమనే సెంటు, ఖరీదైన బొచ్చుకోటు.

"చినుకు పడిందా?" అంది. అది కోడ్.

"పడితేనేగా మొలిచేది," అన్నాడు పిచ్చుక.

"ముందు లారీ ఆపించండి. వెనకది మంచిది."

"మీ కళ్లతో చూశారా?"

"ఛీ, ఆ దుమ్ములోకా! ఆ మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు. వాళ్లు అనుకుంటుంటే విన్నానంతే."

పంపు కొడుతున్నట్టు నటిస్తూ పిచ్చుక రెండు లారీల్లోంచీ చెరో గుప్పెడు తీశాడు. అదే రంగు, అదే నునుపు. కవలపిల్లల్ని కన్నతల్లి గుర్తుపట్టాల్సిందే! లెన్స్ పెట్టాడు. చిన్నప్పుడు అక్క చెప్పిన మాట చెవిలో వినబడింది.

"తొందరపడకురా. గింజ పక్కనున్న చిన్న కాడ చూడు. కలుపు గింజ తనంతట రాలుతుంది, దాని కాడ చివర నున్నటి గిన్నె ఉంటుంది. మంచి గింజ అంత తేలిగ్గా రాలదు, విరిస్తేనే వస్తుంది. దాని కాడ చిరిగినట్టుంటుంది."

ముందు లారీలో అన్నీ చిరుగులే. వెనక లారీ గుప్పెట్లో సగం గిన్నెలు! అక్క పిడికిట్లో దొరికినవీ గిన్నెలే.

ఇంతలో వెనక లారీ స్టార్టయింది. పోనిమ్మని మేడమ్ చెయ్యి ఊపింది. ఆ కోటు చేతి దగ్గర గోధుమరంగు బొచ్చు పీకేసినట్టుంది. మిగిలిన బొచ్చులో రెండు గింజలు చిక్కుకుని ఉన్నాయి. పిచ్చుక ఆ చెయ్యి పట్టుకుని లెన్స్ ఆనించాడు.

గిన్నెలు.

"మెట్లెక్కలేదన్నారే?" అన్నాడు.

ఆమె లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్! గుండు అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. పిచ్చుక పంపులోని మత్తు గ్యాస్ ఆమె మొహాన కొట్టి గడియారంలో అరిచాడు: "రెండోది! రెండో లారీ ఆపండి!"

గేటు కర్రకు ముక్కు ఆనించి లారీ ఆగింది.

మేడమ్ కూలబడింది. పిచ్చుక నడుంలో దాచిన తుపాకీ తీసి ఆమె నుదుటికి ఆనించాడు. చంపాలనిపించింది. ఒంట్లో ప్రతి నరమూ అదే అడిగింది. మా అక్క రాలిపోయిన మనిషి కాదే, నువ్వు విరిచేసిన మనిషి! కళ్లనిండా నీళ్లు. తొందరపడకురా అన్న మాటే మళ్లీ వినబడింది. తుపాకీ దించాడు.

నెల తిరిగాక చీఫ్ పిలిచాడు. "కోపం చల్లారిందా?"

"లేదు సార్. అందుకే ఆ లారీ సరుకంతా ఆవిడుండే జైలుకి పంపించా. అక్క లెన్స్ ఇచ్చి మంచీ కలుపూ వేరు చెయ్యమన్నా. ఒక్క గింజ తప్పిందా, మొత్తం కలిపేసి మళ్లీ మొదలు."

"లారీడు సరుకే! ఎప్పటికయ్యేనయ్యా?"

"ఆవిడ్ని డాక్టరుకి చూపించాను సార్," అన్నాడు పిచ్చుక. "గట్టి ప్రాణమట. నూరేళ్లకి ఢోకా లేదన్నాడు."