గురిగింజంత

"బొమ్మ యాడ? ముందు అది చూపించు!"

చెప్పులైనా విప్పకుండా అంగట్లోకి దూసుకొచ్చిన ఎర్ర ఓణీ పిల్లను చూసి గంగాధర చేతిలో కుంచె జారింది. రాస్తున్న ఎరువుల అంగడి బోర్డులో 'రు' కొమ్ము వంకరపోయింది.

హిందూపురంలో సగం అంగళ్లకు పేర్లు రాసింది గంగాధరే. అతని పేరు మాత్రం ఎవరికీ పట్టదు. లోకం తీరే అంత. ఆదివారం వస్తే చాలు, బోర్డులు పక్కన పడేసి పెనుకొండ బస్సెక్కేవాడు. కొండ ఎదుట బండ మీద కూర్చుని పెన్సిల్‌తో గబగబా గీసేవాడు. ఎండ ఒకచోట నిలవదు కాబట్టి గీతల పక్కనే 'ఇక్కడ బెల్లం రంగు', 'ఇక్కడ కాలిన ఇటుక' అని రాసుకునేవాడు. తర్వాత వారమంతా అంగడి వెనక గదిలో, ఆ కాగితం చూసుకుంటూ, కాన్వాసు మీద ఆయిల్ రంగులతో ఆ కొండను మళ్లీ లేపేవాడు. మెచ్చుకునేవాడు లేడు. గోడకు క్యాలెండరుండగా కొండ బొమ్మ ఎవడిక్కావాలి!

ఆ పిల్ల శైలజ. కొండ వాలులో గొర్రెలు మేపే పుల్లన్న కూతురు. మధ్యాహ్నం నాయనకు సంగటి తీసుకుపోతూ ఒక్క చూపు విసిరిందంటే గంగాధరకు అది వారానికి సరిపోయేది.

ఆమె వెనకే పుల్లన్న, భుజాన గొంగడితో, గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్ను బొమ్మ గీసినావంట!" అని శైలజ నిలదీసింది. "ఈడ చూసినోళ్లు ఆ ఎర్ర ఓణీ నేనేనని పెనుకొండంతా చెప్తాండారు. బేస్తవారం ధర్మవరం నుంచి నన్ను చూసేకి వస్తాండారప్పా. వాళ్ల చెవిన పడితే?"

ధర్మవరం అన్న మాట ముల్లులా దిగింది. గంగాధర వెనక గది తలుపు తీశాడు.

కాన్వాసు నిండా కొండ. శైలజ కళ్లు చిట్లించి వెతికింది.

"నేను యాడుండా?"

అతను వేలు చూపించాడు. కొండ కింద, పైన నలుపు, కింద ఎరుపు, గురిగింజంత.

"ఇంతేనా!" ఆమె కోపం రెట్టింపైంది. "చీమను గీసినా ఇంతకంటే పెద్దగా గీస్తారే!"

"దూరంగా ఉంటివి కదా. అట్లే గీయాల."

"దగ్గరికి రమ్మనేకి నోరు లేదా?"

పుల్లన్న దగ్గాడు. శైలజ సర్దుకుంది. "తుడిచెయ్."

రంగింకా పచ్చిగానే ఉంది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాడు. ముగ్గురూ చూశారు. కొండ కాస్తా ఇంటి ముందు పోసిన కంకర కుప్పలా అయిపోయింది.

"ఏమైంది దానికి?" ఆమె గొంతు తగ్గింది.

"నువ్వు పోయినావు. కింద నువ్వుంటేనే అది కొండంత కనబడేది." గంగాధర గుడ్డను నలిపాడు. "నాకూ అంతే శైలజా. నువ్వు లేకుంటే ఏదీ గొప్పగా కనబడదు."

శైలజ ఓణీ కొంగు వేలికి చుట్టుకుంది.

"నాయనా, ధర్మవరమోళ్లను రావద్దని చెప్పు."

"ఏమని చెప్పాల?"

"కొండ కూలిపోతాందని చెప్పు."

పుల్లన్న బొమ్మ దగ్గరికొచ్చి అంగుళం అంగుళం వెతికాడు. "అది సరే. నా గొర్రెలు యాడప్పా?"

"రాళ్లనుకోని ఇడిసిపెట్టినా మామా!"

మామా అన్నాక నాలుక కరుచుకున్నాడు. శైలజ ఫక్కున నవ్వింది. పుల్లన్న మీసం చాటున ఏదో కదిలింది.

"ఆదివారం రా. దగ్గరుండి చూద్దువు, యాది గొర్రో, యాది రాయో."

"సంగటి ఇంకో ముద్ద తెస్తాలే" అని శైలజ కుంచె తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు నన్ను మళ్లా పెట్టు. ఈ తూరి రవ్వంత దగ్గరగా."